ఇంటి షెడ్డులో పాత పెద్ద లేత్: త్రీ ఫేజ్ కనెక్షనా, డ్రైవా, కన్వర్టరా, సింగిల్ ఫేజ్ మోటారా?

దక్షిణ ఒడిశాలో రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం వైపు ఏ రైస్ మిల్లో, ఏ పాత వర్క్‌షాపో మూతపడితే లోపలున్న లేత్ మిషన్ (ఇనుప ముక్కను తిప్పుతూ కోసే యంత్రం) తుక్కు రేటుకు బయటికి వస్తుంది. ఇక్కడ దొరక్కపోతే గాజువాక ఆటోనగర్ దాకా వెళ్లి లారీ మీద తెచ్చుకునేవాళ్లూ ఉన్నారు. అటు మహారాష్ట్రలో బల్లార్షా, చంద్రపూర్, సిరొంచలో ఉన్న మన తెలుగువాళ్లు హైదరాబాద్ బాలానగర్ వైపు వెతుక్కుంటారు. ఎనిమిది అడుగుల బెడ్ (మిషన్ కింది పొడవాటి ఇనుప దిమ్మె), గేర్ హెడ్ (వేగం మార్చే గేర్ల పెట్టె), టన్నున్నర దాటే బరువు. హైడ్రా క్రేను పిలిచి షెడ్డులో దింపించుకోవడం వరకూ అందరూ బాగానే చేస్తారు. ఆ తర్వాత ఆరు నెలలైనా మిషన్ తిరగదు. కారణం దాదాపు ప్రతిచోటా ఒకటే: దాని మోటారు త్రీ ఫేజ్, ఇంటికి వచ్చేది సింగిల్ ఫేజ్.

ఈ చిక్కుకి నాలుగైదు దారులున్నాయి. ఎవరిని అడిగితే వాళ్లు తమకు తెలిసిన దారే మంచిదంటారు. వైండింగ్ షాపు ఆయన మోటారు చుట్టించమంటాడు, ఎలక్ట్రికల్ షాపు ఆయన డ్రైవ్ (సింగిల్ ఫేజ్‌ని త్రీ ఫేజ్‌గా మార్చే ఎలక్ట్రానిక్ పెట్టె) తీసుకోమంటాడు, రైతు అన్నయ్య కండెన్సర్ (కెపాసిటర్) పెడితే చాలంటాడు. నేను చెప్పేది ఒక్కటే. మోటారు మీదున్న రేకు చదివి, టెర్మినల్ బాక్స్ విప్పి చూసేదాకా ఏ వస్తువుకీ డబ్బు ఇవ్వకండి. ఏ దారి కుదురుతుందో సగానికి సగం ఆ రేకే తేల్చేస్తుంది.

## మోటారు రేకు ఏం చెబుతుంది

రేకు మీద మట్టి, గ్రీజు పట్టి ఉంటే కిరసనాయిల్‌తో తుడిచి, టార్చిలైటు పక్కనుంచి వేసి చదవండి. ఐదు సంగతులు రాసుకోండి: హెచ్‌పీ లేదా కిలోవాట్లు, ఓల్టులు, ఆంపియర్లు, ఆర్‌పీఎం, స్టారా డెల్టానా (లోపలి మూడు కాయిల్స్‌ని కలిపే రెండు పద్ధతులు) అన్నది. మన దేశంలో తయారయ్యే మోటార్లలో సాధారణంగా 2 హెచ్‌పీ వరకూ 415 ఓల్టుల స్టార్, 3 హెచ్‌పీ నుంచి పైకి 415 ఓల్టుల డెల్టా ఉంటాయి. ఈ ఒక్క తేడా దగ్గరే చాలామంది డబ్బు పోగొట్టుకుంటున్నారు.

ఎందుకో చూడండి. సింగిల్ ఫేజ్ తీసుకుని త్రీ ఫేజ్ ఇచ్చే మామూలు డ్రైవ్ మూడు ఫేజులు ఇస్తుంది గానీ ఓల్టేజిని పెంచదు. 230 లోపలికి వెళ్తే 230 బయటికి వస్తుంది. స్టార్ మోటారులో ఒక్కో కాయిల్‌కి అందేది ఎలాగూ 240 ఓల్టులే (415ని 1.732తో భాగిస్తే వచ్చేది). కాబట్టి దాన్ని డెల్టాకి మార్చి 230 డ్రైవ్‌కి కలిపితే పూర్తి బలంతో తిరుగుతుంది. 415 డెల్టా మోటారులో ఒక్కో కాయిల్ 415 కోసమే చుట్టి ఉంటుంది. దానికి 50 హెర్ట్జ్ దగ్గర 230 ఇస్తే మోటారు గరిష్ఠ బలం మూడో వంతుకు పడిపోతుంది. తిరుగుతుంది, కానీ కోత పెట్టగానే మూలిగి ఆగుతుంది.

టెర్మినల్ బాక్స్ మూత తీస్తే ఆరు స్టడ్‌లు, వాటి మీద ఇత్తడి పట్టీలు కనబడతాయి. ఒక వరుసలో మూడు స్టడ్‌లనూ కలుపుతూ పట్టీ అడ్డంగా ఉంటే స్టార్. పై స్టడ్‌నీ కింది స్టడ్‌నీ కలుపుతూ మూడు పట్టీలు నిలువుగా ఉంటే డెల్టా. మూడే వైర్లు బయటికి వచ్చి ఉంటే, స్టార్ మోటారు అయిన పక్షంలో, మిగతా మూడు కొసలూ లోపల వైండింగ్ కింద ముడివేసి ఉంటాయి. మంచి వైండింగ్ మేస్త్రి ఆ ముడి వెతికి, విడదీసి, మూడు కొత్త వైర్లు టంకం పెట్టి బయటికి తీయగలడు. మోటారు మొత్తం చుట్టించాల్సిన పని లేదు. పాత ఇంగ్లండ్ మోటార్ల వైండింగ్ మీద వార్నిష్ పెళుసుబారి ఉంటుంది, ఆ పని నిదానంగా చేసే మనిషికే ఇవ్వండి.

## మీకు నిజంగా ఎన్ని హెచ్‌పీలు కావాలి

ఫ్యాక్టరీ వాళ్లు 5 లేదా 7.5 హెచ్‌పీ మోటారు పెట్టింది షిఫ్టు మొత్తం బరువైన కోత తీయడానికి. ఇంటి షెడ్డులో మన పని వేరు. మైల్డ్ స్టీల్‌లో నిమిషానికి 16 ఘన సెంటీమీటర్ల లోహం తీయడానికి కోత దగ్గర సుమారు 1 హెచ్‌పీ కావాలన్నది టర్నర్లు వాడే లెక్క. 50 మిల్లీమీటర్ల రాడ్‌ని హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీల్) టూల్‌తో నిమిషానికి 30 మీటర్ల వేగంలో, అంటే దాదాపు 190 ఆర్‌పీఎంలో, 3 మిల్లీమీటర్ల లోతు, చుట్టుకి 0.2 మిల్లీమీటర్ల ఫీడ్‌తో కోస్తున్నారనుకోండి. నిమిషానికి 18 ఘన సెంటీమీటర్లు, అంటే 1.1 హెచ్‌పీ. గేర్లలో, బెల్టులో పోయేది కలుపుకున్నా 1.5 హెచ్‌పీ దాటదు. అదే కోత కార్బైడ్ టూల్‌తో 100 మీటర్ల వేగంలో తీస్తే 60 ఘన సెంటీమీటర్లు, 3.7 హెచ్‌పీ అవుతుంది. మోటారు దగ్గర 4.5 హెచ్‌పీ పైనే ఉండాలి.

ఈ లెక్కతో చాలామందికి టెన్షన్ తగ్గుతుంది. హెచ్‌ఎస్‌ఎస్‌తో ఓపిగ్గా పనిచేసేవారికి పెద్ద లేత్ మీద కూడా 2, 3 హెచ్‌పీ చాలు. పెద్ద మిషన్ వల్ల వచ్చే అసలు లాభం బరువు, గట్టిదనం, పెద్ద చక్ (ముక్కను పట్టి తిప్పే దవడలు). అవి మోటారు చిన్నదైనా ఎక్కడికీ పోవు.

## మిషన్ మీద ఎంత పెట్టాలో ముందు తేల్చుకోండి

బెడ్ అరిగిపోయిన మిషన్‌కి ఖరీదైన కరెంటు ఏర్పాటు దండగ. కరెంటు లేకుండానే చూడగలిగినవి కొన్ని ఉన్నాయి. క్యారేజ్‌ని (టూల్‌ని మోస్తూ బెడ్ మీద జరిగే భాగం) చక్ దగ్గరికి తెచ్చి గిబ్బులు (దాని వదులు సర్దే పట్టీలు) బిగించి, టెయిల్ స్టాక్ వైపు, అంటే చక్‌కి ఎదురు కొసకి జరపండి. మధ్యలో బిగుసుకుపోయిందంటే చక్ దగ్గర బెడ్ అరిగినట్టే. కొద్దిగా బిగుసుకోవడం పాత మిషన్లలో మామూలు. అసలు కదలకపోతే బెడ్ గ్రైండింగ్‌కి పంపాల్సిందే. ఆ సౌకర్యం మనకి విశాఖలోనో, హైదరాబాద్‌లోనో గానీ దొరకదు, రవాణా కూడా మీ మీదే.

చక్ మీద డయల్ గేజ్ పెట్టి కర్రతో పైకి లేపి చూడండి. సూది 0.03 మిల్లీమీటర్లు దాటి కదిలితే బేరింగ్ సర్దాలి. గన్ మెటల్ బుష్ ఉన్న మిషన్లలో చాలాసార్లు సర్దుబాటుతోనే పని అయిపోతుంది. హెడ్ స్టాక్ (చక్‌ని తిప్పే గేర్ల పెట్టె) పాత ఆయిల్ తెల్లటి పళ్లెంలోకి దింపి అయస్కాంతం తిప్పండి. నల్లటి పొడి వస్తే అరుగుదల, ముక్కలు వస్తే పన్ను విరిగింది. బెడ్ మీద తుప్పుకి ఎమరీ పేపర్ వద్దు. కిరసనాయిల్, మెత్తటి స్క్రబ్బర్, ఓపిక సరిపోతాయి. రంగు వేయడం అన్నిటికంటే ఆఖరి పని.

మిషన్ ఇంగ్లండ్‌దైతే లీడ్ స్క్రూ (మరలు కోసేటప్పుడు టూల్‌ని జరిపే పొడవాటి స్క్రూ) అంగుళాల లెక్కలో ఉంటుంది. దాని మీద మిల్లీమీటర్ల మరలు సరిగ్గా కోయాలంటే 127 పళ్ల గేరు కావాలి, ఎందుకంటే 25.4ని 5తో హెచ్చిస్తే 127. ఆ గేరు మిషన్‌తో పాటు వచ్చిందో లేదో కొనేటప్పుడే అడగండి. హెచ్‌ఎంటీ లేత్‌లకీ, హరిహర్‌లో తయారైన మైసూర్ కిర్లోస్కర్ లేత్‌లకీ విడిభాగాలు పాత మిషన్లు విప్పి అమ్మేవాళ్ల దగ్గర ఇప్పటికీ దొరుకుతుంటాయి. బటాలా, రాజ్‌కోట్ బెల్టు లేత్‌లకి గేరు విరిగితే దగ్గర్లో కోయించుకోవడమే.

## దేన్ని బట్టి ఎంచుకోవాలి

నా దృష్టిలో ఈ వరుసలో: మీ స్తంభం మీద త్రీ ఫేజ్ ఉందా లేదా, మోటారు స్టారా డెల్టానా, రోజుకి ఎన్ని గంటలు తిప్పుతారు, పని సొంతానికా డబ్బుకా, షెడ్డులో రెండో త్రీ ఫేజ్ మిషన్ వచ్చే అవకాశం ఉందా. ఖర్చు వీటన్నిటి తర్వాత. చవకని చూసి తప్పుదారి పడితే రెండోసారి కొనాల్సిందే.

| దారి | మొదటి ఖర్చు | అందే బలం | వేగం మార్చుకోవడం | పాత స్విచ్చులు | నా మాట |
|---|---|---|---|---|---|
| త్రీ ఫేజ్ కనెక్షన్ | లైను దగ్గరుంటే మధ్యస్థం, లేకపోతే చాలా ఎక్కువ | పూర్తిగా | గేర్లతోనే | అలాగే ఉంచొచ్చు | కుదిరితే ఇదే |
| డ్రైవ్, స్టార్ మోటారు | తక్కువ నుంచి మధ్యస్థం | పూర్తిగా, 2 హెచ్‌పీ వరకూ | చాలా సులువు | తీసి కొత్తగా కలపాలి | ఇంటికి ఉత్తమం |
| డ్రైవ్, డెల్టా మోటారు | మధ్యస్థం | సగం పైచిలుకు | సులువు | తీసి కొత్తగా కలపాలి | లెక్క తెలిస్తే మంచిదే |
| రోటరీ కన్వర్టర్ | ఎక్కువ | దాదాపు పూర్తిగా | గేర్లతోనే | అలాగే ఉంచొచ్చు | రెండు మూడు మిషన్లుంటే |
| సింగిల్ ఫేజ్ మోటారు | తక్కువ | 3 హెచ్‌పీ వరకూ | గేర్లతోనే | మార్చాలి | తప్పనప్పుడు |
| కండెన్సర్ మాత్రమే | అతి తక్కువ | సగం చుట్టూ, నమ్మకం లేదు | లేదు | అలాగే | వద్దు |

## త్రీ ఫేజ్ కనెక్షన్

వీధి చివర స్తంభం దగ్గర నిలబడి పైకి చూడండి. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి మూడు ఫేజులు, ఒక న్యూట్రల్ మీ వీధిలోకి వస్తున్నాయా, లేక రెండు తీగలే వస్తున్నాయా? మా వైపు కొండ ఊళ్లలో చిన్న సింగిల్ ఫేజ్ ట్రాన్స్‌ఫార్మర్లు పెట్టిన చోట్లు చాలా ఉన్నాయి. అక్కడ త్రీ ఫేజ్ అడిగితే లైను పొడిగించే ఎస్టిమేట్ చేతికొస్తుంది, ఒక్కోసారి అది లేత్ ధర దాటిపోతుంది. లైను ఇంటి ముందే ఉంటే మాత్రం ఇంకో దారి గురించి ఆలోచించక్కర్లేదు.

దక్షిణ ఒడిశా జిల్లాల్లో అడగాల్సింది టీపీఎస్‌ఓడీఎల్ (అక్కడి కరెంటు పంపిణీ సంస్థ) సెక్షన్ ఆఫీసులో, మహారాష్ట్ర వైపు మహావితరణ్‌లో. 2024లో సవరించిన కేంద్ర వినియోగదారుల హక్కుల నియమాల ప్రకారం కొత్త కనెక్షనైనా, ఉన్నదాంట్లో మార్పు అయినా మున్సిపల్ ప్రాంతాల్లో 7 రోజుల్లో, పల్లెల్లో 15 రోజుల్లో, కొండ ప్రాంతాల పల్లెల్లో 30 రోజుల్లో ఇవ్వాలి. దరఖాస్తు ఆన్‌లైన్‌లో పెట్టి, నంబరు దగ్గర ఉంచుకుంటే మాట్లాడటానికి బలం ఉంటుంది.

ఇక టారిఫ్ సంగతి. సొంత సరదాకి, ఇంటి పనికి అయితే ఇంటి కనెక్షనే. ఊళ్లో వాళ్ల పంపు షాఫ్టులు, ట్రాక్టర్ బుష్‌లు డబ్బుకి తిప్పడం మొదలుపెట్టారంటే మాత్రం లోడు, కేటగిరీ మార్పించుకోండి. 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద, అనుమతించిన అవసరం కాకుండా వేరే దానికి వాడితే రెట్టింపు టారిఫ్ లెక్కన కట్టించే అధికారం వాళ్లకుంది. చిన్న జీతాల మధ్య అంత బిల్లు ఒకేసారి వస్తే తట్టుకోవడం కష్టం.

త్రీ ఫేజ్ వచ్చినా ఒక జాగ్రత్త తప్పదు. మన లైన్లలో గాలివానకి ఒక ఫేజ్ పోవడం మామూలే. రెండు ఫేజుల మీద మోటారు మూలుగుతూ నిమిషాల్లో కాలిపోతుంది. ఓవర్‌లోడ్ రిలే ఉన్న స్టార్టర్, దానితో పాటు సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ తప్పనిసరిగా పెట్టించండి. 5 హెచ్‌పీ మోటారు నిండు లోడులో సుమారు 7.5 ఆంపియర్లు తీసుకుంటుంది, రిలేని మోటారు రేకు మీద ఉన్న ఆంపియర్ల అంకె దగ్గరే పెట్టండి. "మాటిమాటికీ ట్రిప్ అవుతోంది" అని ఎక్కువకి తిప్పేస్తే అది ఉన్నా లేనట్టే.

## వీఎఫ్‌డీ, అంటే డ్రైవ్

త్రీ ఫేజ్ అందని ఇంటి షెడ్డుకి నాకు బాగా నచ్చిన దారి ఇది. మెల్లగా మొదలవుతుంది కాబట్టి ఇంట్లో లైట్లు మసకబారవు, బెల్టు జారదు. మర కోసేటప్పుడు వేగం మెత్తగా తగ్గించుకోవచ్చు. ఫేసింగ్, అంటే ముక్క కొసని చదును, చేసేటప్పుడు టూల్ మధ్యకి వెళ్లే కొద్దీ వేగం పెంచుకోవచ్చు.

మోటారు 2 హెచ్‌పీ స్టార్ అయితే పట్టీలు డెల్టాకి మార్చి, 2.2 కిలోవాట్ల సింగిల్ ఫేజ్ డ్రైవ్ తీసుకోండి, అయిపోయింది. మిషన్‌లో 5 హెచ్‌పీ ఉంటే దాన్ని దించి భద్రంగా పక్కన పెట్టి, 2 హెచ్‌పీ స్టార్ మోటారు బిగించుకున్నా హెచ్‌ఎస్‌ఎస్ పనికి చాలు. షాఫ్టు సైజు, కాళ్ల రంధ్రాలు కలవవు కాబట్టి మధ్యలో ఒక ప్లేటు, వేరే పుల్లీ కావాలి. ఆ పుల్లీ మీ సొంత లేత్ మీద తిప్పుకోలేరు, ముందే బయట చేయించుకోండి.

అసలు మోటారు 5 హెచ్‌పీ డెల్టానే ఉంచాలనుకునేవారికి ఒక పద్ధతి ఉంది, దాని గురించి ఎలక్ట్రికల్ షాపులో ఎవరూ చెప్పరు. 415 ఓల్టులకు 50 హెర్ట్జ్ ఎంతో, 230 ఓల్టులకు 28 హెర్ట్జ్ అంత. రెండు చోట్లా నిష్పత్తి ఒకటే. డ్రైవ్‌లో బేస్ ఫ్రీక్వెన్సీని 28 హెర్ట్జ్‌గా, ఆ దగ్గర ఓల్టేజిని 230గా పెట్టండి. అక్కడిదాకా మోటారు తన పూర్తి టార్క్ ఇస్తుంది, వేగం మాత్రం 1440 బదులు 800 దగ్గర ఉంటుంది. చేతికొచ్చేది 2.75 హెచ్‌పీ. మోటారుకి కావాల్సిన 7.5 ఆంపియర్లను 2.2 కిలోవాట్ల డ్రైవ్ సులువుగా ఇస్తుంది. తేలిక కోతలకి 50 హెర్ట్జ్ దాకా వెళ్లొచ్చు, బలం తగ్గుతుందని గుర్తుంటే చాలు. పెద్ద వ్యాసం పనులు ఎలాగూ తక్కువ వేగంలోనే చేస్తాం కాబట్టి పాత పెద్ద లేత్‌కి ఇది చక్కగా సరిపోతుంది. ఎక్కువసేపు 28 హెర్ట్జ్ దగ్గర నిండు లోడులో తిప్పితే మోటారు ఫ్యాను గాలి చాలదు. చేత్తో తాకి చూస్తూ ఉండండి, ఎక్కువ పని ఉంటే వెనక ఒక చిన్న ఫ్యాను విడిగా పెట్టండి.

పేరున్న కంపెనీల సింగిల్ ఫేజ్ డ్రైవ్‌లు ఎక్కువగా 2.2 కిలోవాట్ల దగ్గర, కొన్ని 3 దగ్గర ఆగిపోతాయి. 220 తీసుకుని 380 ఇస్తామనే డ్రైవ్‌లు ఆన్‌లైన్‌లో ఉన్నాయి. సర్వీసు చేసే మనిషి మన జిల్లాలో దొరికితేనే వాటి వైపు చూడండి. ఇక త్రీ ఫేజ్ ఇన్‌పుట్ డ్రైవ్‌ని సింగిల్ ఫేజ్ మీద వాడాలంటే రెట్టింపు సైజుది తీసుకోవాలి, అప్పుడు కూడా ఓల్టేజి సమస్య అలాగే ఉంటుంది.

బిగించేటప్పుడు చూసుకోవాల్సినవి:

- డ్రైవ్‌కీ మోటారుకీ మధ్య ఏ స్విచ్చూ, కాంటాక్టరూ ఉండకూడదు. లేత్ మీద ఉన్న పాత ముందుకు, వెనక్కి స్విచ్చుని పవర్ నుంచి తప్పించి, డ్రైవ్ కంట్రోల్ టెర్మినళ్లకి కలపండి. నడుస్తుండగా మధ్యలో తెగితే డ్రైవ్ లోపలి ట్రాన్సిస్టర్లు పోతాయి.
- చక్ మర ద్వారా బిగించే పాత మిషన్ అయితే ఆగే సమయం ఎక్కువ పెట్టండి. ఉన్నట్టుండి బ్రేకు పడితే, లేదా రివర్స్ కొడితే, తిరుగుతున్న చక్ స్పిండిల్ నుంచి విప్పుకుని బయటికి వస్తుంది. ముప్పై, నలభై కిలోల ఇనుము అది. ఇందులో రాజీ పడకండి.
- బరువైన కోతకి వేగం గేర్లతో తగ్గించండి, డ్రైవ్‌తో కాదు. హెర్ట్జ్ తగ్గిస్తే టార్క్ పెరగదు, గేరు మారిస్తే పెరుగుతుంది. పైగా గేర్లు తిరిగి ఆయిల్ చిమ్మే హెడ్ స్టాక్‌లలో వేగం మరీ తగ్గితే పై బేరింగ్‌కి ఆయిల్ అందదు.
- ఎర్తింగ్ గట్టిగా ఉండాలి. ఇంటి ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేసే స్విచ్చు) డ్రైవ్ లీకేజీకి పడిపోతుంటే షెడ్డుకి విడి లైను లాగించండి. ఆర్‌సీసీబీని తీసేయడం మాత్రం పరిష్కారం కాదు.
- డ్రైవ్‌ని ఇనుప రజను పడని చోట, గాలి ఆడే డబ్బాలో పెట్టండి. ముందు సర్జ్ ప్రొటెక్షన్ ఉండాలి. ఎండాకాలం సాయంత్రాలు ఓల్టేజి 180కి పడే ఊళ్లలో డ్రైవ్ ట్రిప్ అవుతుంది, అది లోపం కాదు, తనను తాను కాపాడుకోవడం.

## రోటరీ ఫేజ్ కన్వర్టర్

ఒక పెద్ద త్రీ ఫేజ్ మోటారుని సింగిల్ ఫేజ్ మీద కెపాసిటర్లతో ఖాళీగా తిప్పుతారు, అది మూడో ఫేజ్ పుట్టిస్తుంది. లేత్ మోటారు 5 హెచ్‌పీ అయితే ఖాళీగా తిరిగేది 7.5 హెచ్‌పీ ఉండాలి. మన మోటార్లు 415వి కాబట్టి ముందు 230ని 415 చేసే ట్రాన్స్‌ఫార్మర్ కూడా కావాలి. ఖర్చు, చోటు, రోజంతా హోరు. లాభం ఏమిటంటే లేత్ ఎలక్ట్రికల్స్‌లో ఒక్క వైరు కూడా మార్చనక్కర్లేదు, దానితో పాటు మిల్లింగ్ మిషన్, పెడెస్టల్ గ్రైండర్ కూడా అదే కరెంటు మీద నడుస్తాయి. ఒక్క లేత్ మాత్రమే ఉన్నవారికి నేను చెప్పను.

## సింగిల్ ఫేజ్ మోటారు పెట్టేయడం

పిండి మిల్లులకి వాడే 3 హెచ్‌పీ కెపాసిటర్ మోటార్లు బరంపురంలోనైనా, సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనైనా సులువుగా దొరుకుతాయి, చవక కూడా. రిపేరు చేసే మేస్త్రి ప్రతి ఊళ్లో ఉంటాడు, ఇది చిన్న లాభం కాదు. కష్టం మూడు చోట్ల. స్టార్ట్ అయ్యేటప్పుడు మామూలు కంటే ఐదారు రెట్లు కరెంటు లాగి ఇంటి ఎంసీబీని పడగొడుతుంది. తిరుగుతుండగా రివర్స్ కొడితే వెనక్కి తిరగదు, పూర్తిగా ఆగాకే స్టార్ట్ వైండింగ్ కలుస్తుంది. అందువల్ల రివర్స్‌లో వెనక్కి తెచ్చి మర కోసే అలవాటున్నవారికి చిరాకు. మూడోది, సింగిల్ ఫేజ్ మోటారు బలం సెకనుకి 100 సార్లు పెరిగి తగ్గుతుంది. ఫినిషింగ్ కోతలో సన్నని గీతలుగా అది కనబడుతుంది. క్లచ్ ఉన్న గేర్ హెడ్ లేత్ అయితే మొదటి రెండు కష్టాలు చాలావరకూ పోతాయి.

## మిగతావి

పొలాల్లో రెండు ఫేజుల మీద కండెన్సర్ పెట్టి మోటారు లాగించే పద్ధతిని లేత్‌కి తేవద్దు. పంపు లోడు ఎప్పుడూ ఒకటే, అందుకే అక్కడ ఎలాగో నడుస్తుంది. లేత్ లోడు సెకను సెకనుకీ మారుతుంది, ఒక్క కెపాసిటర్ విలువ అన్నిటికీ కుదరదు, వైండింగ్ వేడెక్కిపోతుంది.

డీజిల్ జనరేటర్ గురించి అడిగేవారికి: 5 హెచ్‌పీ మోటారుని నేరుగా స్టార్ట్ చేయాలంటే 12.5 కేవీఏ చుట్టూ కావాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తర్వాత గజపతి, గుణుపురం వైపు కరెంటు లేని రోజుల్లో పంపు పనులు చేసే వర్క్‌షాపులకి జనరేటరే దిక్కు. రోజువారీ వాడకానికి మాత్రం డీజిల్ ఖర్చు భరించలేం. కోన్ పుల్లీ బెల్టు లేత్, పాత ఆయిల్ ఇంజను రెండూ ఉన్నవారు వెడల్పు బెల్టుతో కలిపి నడుపుకోవచ్చు. అదిరిపోకుండా ఇంజనుకి విడి పునాది వేయండి.

## ఎవరికి ఏది

ఉద్యోగం చేసుకుంటూ సెలవు రోజుల్లో తిప్పేవారు: 2 హెచ్‌పీ స్టార్ మోటారు, 2.2 కిలోవాట్ల డ్రైవ్. ఇంటి కనెక్షన్ లోడుకి డ్రైవ్ లోడు కలిపి చూసుకోండి. నిండు బరువు మీద డ్రైవ్ 20 ఆంపియర్లు దాటి తీసుకోగలదు, ఆ సమయంలో ఏసీ, గీజర్ కూడా నడిస్తే మెయిన్ పడుతుంది.

ఊళ్లో రిపేరు పనులు పట్టాలనుకునేవారు: త్రీ ఫేజ్ కనెక్షన్, సరైన కేటగిరీలో. లైను లేక ఆలస్యమైతే ఈలోగా 28 హెర్ట్జ్ పద్ధతిలో అసలు మోటారుతోనే మొదలుపెట్టండి. కనెక్షన్ వచ్చాక డ్రైవ్ తీసేస్తే మిషన్ యథాతథంగా పూర్తి బలానికి వస్తుంది, డ్రైవ్‌ని డ్రిల్లింగ్ మిషన్‌కి వాడుకోవచ్చు.

కరెంటు ఎప్పుడూ తక్కువ ఓల్టేజిలో ఉండే కొండ ఊళ్లవారు: క్లచ్ ఉన్న లేత్, 3 హెచ్‌పీ సింగిల్ ఫేజ్ మోటారు. తక్కువ ఓల్టేజిలో డ్రైవ్ మాటిమాటికీ ఆగుతుంది, ఈ మోటారు మెల్లగానైనా లాగుతుంది. 180 కంటే కిందికి పడితే మాత్రం పని ఆపేయండి, లేకపోతే వైండింగ్ కాలుతుంది.

చంద్రపూర్, నాందేడ్ వైపు నల్లరేగడి నేల ఉన్నవారు: మీకు కరెంటు కంటే నేల పెద్ద సమస్య. వానకి ఉబ్బి, ఎండకి పగిలే నేల మీద బెడ్ మెలి తిరుగుతుంది, కోత టేపర్‌గా, అంటే ఒక వైపు సన్నగా వస్తుంది. కాంక్రీటు దిమ్మె లోతుగా వేయించి, వానాకాలం ముందొకసారి, తర్వాతొకసారి లెవెల్ చూసుకోండి.

## మొదటిసారి స్విచ్చు వేసేటప్పుడు

ఏ దారి ఎంచుకున్నా ఈ వరుస మారదు. ఎన్నాళ్లో షెడ్డులో పడి ఉన్న మోటారు తేమ పీల్చుకుని ఉంటుంది. మెగ్గర్‌తో (ఇన్సులేషన్ కొలిచే మీటరు) వైండింగ్‌కీ బాడీకీ మధ్య చూడండి. 1 మెగా ఓమ్ కంటే తక్కువ చూపిస్తే మూతలు తీసి, లోపల బల్బు వెలిగించి ఆరబెట్టి మళ్లీ చూడండి. బాగున్నాక బెల్టులు తీసేసి మోటారు ఒక్కదాన్నే తిప్పండి, దిశ, శబ్దం, వేడి గమనించండి. తర్వాత హెడ్ స్టాక్‌లో కొత్త ఆయిల్ పోసి, చక్‌ని చేత్తో నాలుగు చుట్లు తిప్పి, బెల్టు వేసి అన్నిటికంటే తక్కువ గేరులో ఇరవై నిమిషాలు నడవనివ్వండి. ముందు బేరింగ్ దగ్గర అరచేయి పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే తర్వాతి గేరుకి వెళ్లొచ్చు. చెయ్యి పెట్టలేనంత కాలితే ఆపి, బేరింగ్ సర్దుబాటు మర కొద్దిగా వదులు చేసి, చల్లారాక మళ్లీ అదే గేరు నుంచి మొదలుపెట్టండి.